ఆదివారాల ఖరీదు: సార్వత్రిక ఇంటర్మీడియట్ పూర్తి చేసిన కుట్టుపని మనిషి సమీక్ష

నేను 2003లో పదో తరగతి పాసయ్యాను. ఆ తరువాత ఇరవై ఒక్క ఏళ్ల పాటు పాఠ్యపుస్తకం ముట్టుకోలేదు. గజపతినగరం దగ్గర పల్లెలో ఇంటి వద్దే కుట్టుమిషను పెట్టుకొని జాకెట్లు కుట్టడం, చీరలకు ఫాల్స్ వేయడం, పికో చేయడం నా జీవనాధారం. 2024లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) నిర్వహించే ఇంటర్మీడియట్‌లో చేరి, 2025 మార్చిలో నాలుగు సబ్జెక్టులు, మే నెలలో మిగిలిన ఒకటి పూర్తి చేశాను. ఆ కోర్సు ఎలా ఉంటుంది, నిజంగా ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్న సంగతులు, చేరాలా వద్దా అని ఆలోచిస్తున్న నా వయసు వారికి ఉపయోగపడతాయన్న ఉద్దేశంతో రాస్తున్నాను. విజయనగరం పట్టణంలో నేను తరగతులకు వెళ్లిన అభ్యసన కేంద్రం పేరు మాత్రం చెప్పను. అక్కడ నాకు చదువు చెప్పిన మంచి మాస్టారు ఉన్నారు, తలుపు తాళం తీయకుండా మమ్మల్ని మెట్ల మీద కూర్చోబెట్టిన రోజులూ ఉన్నాయి. పేరు పెడితే రెండోది మొదటిదాన్ని మింగేస్తుంది.

ఇంతకాలం తరువాత చదువు ఎందుకు అవసరమైందో ముందు చెప్పాలి. మా మహిళా సంఘం లెక్కల పుస్తకాలు పదకొండేళ్లుగా నేనే రాస్తున్నాను. మండల స్థాయిలో ఇలాంటి లెక్కలే రాసే పని ఒకటి ఖాళీ అయినప్పుడు అడిగితే, కనీసం ఇంటర్మీడియట్ ఉండాలని చెప్పారు. పని చేతనవును, కాగితం లేదు. ఆ రోజు ఇంటికి వచ్చాక, నాకు తెలిసిన పనికి నా పేరు మీద ఒక రుజువు ఉండాలని గట్టిగా అనిపించింది. పగటి కళాశాలలో చేరే వయసు దాటిపోయింది, చేరినా పగలు మిషను ఆపితే ఇల్లు గడవదు. అందువల్ల ఉన్న దారి ఇదొక్కటే.

సార్వత్రిక విద్యాపీఠం మన రాష్ట్రంలో 1991లో మొదలైంది. పదో తరగతిని 2008-09లోనూ, ఇంటర్మీడియట్‌ను 2010-11లోనూ ప్రవేశపెట్టారు. ఇంటర్‌లో చేరడానికి పదో తరగతి పాసై, కనీసం 15 సంవత్సరాలు నిండి ఉంటే చాలు. పైవయసుకు హద్దు లేదు. మొత్తం ఐదు సబ్జెక్టులు తీసుకోవాలి, వాటిలో ఒకటి గాని రెండు గాని భాషలు ఉండాలి. ప్రతి సబ్జెక్టులోనూ 35 మార్కులు వస్తే ఉత్తీర్ణులైనట్లు. ఒకసారి నమోదైతే ఐదు సంవత్సరాల పాటు అది చెల్లుతుంది, ఆ వ్యవధిలో తొమ్మిది సార్లు పరీక్ష రాసే వీలుంది, పాసైన సబ్జెక్టు ఖాతాలో నిలిచి ఉంటుంది కాబట్టి తప్పినదాన్ని మాత్రమే మళ్లీ రాయాలి. పనిచేసుకొనే మనిషికి ఈ చివరి నియమం ఎంత పెద్ద ఊరటో తప్పిన తరువాతే తెలుస్తుంది. నాకు తెలిసింది.

చేరేటప్పుడు నన్ను ఎక్కువ తిప్పినవి కాగితాలు. పదో తరగతి ధ్రువపత్రంలో నా పుట్టింటి పేరు ఉంది, ఆధార్‌లో అత్తవారింటి పేరు ఉంది. పెళ్లయిన ఆడవారిలో చాలామందికి ఈ చిక్కు ఉంటుంది. దరఖాస్తులో పదో తరగతి ధ్రువపత్రంలో ఉన్న పేరే వేయాలి కనుక ఆధార్‌ను దానికి అనుగుణంగా సరిచేయించుకున్నాను. రుసుము 50 రూపాయలే అయినా రెండు రోజుల పని పోయింది. బదిలీ పత్రం (టీసీ) నేను ఎన్నడూ తీసుకోలేదు, అది చదివిన బడిలోనే ఉండిపోయింది. సాలూరు వైపు ఉన్న ఆ బడికి వెళ్లినప్పుడు ప్రధానోపాధ్యాయురాలు పాత అడ్మిషన్ రిజిస్టరు తీయించి, దుమ్ము దులిపి, నా పేరు ఉన్న వరుస మీద వేలు పెట్టి చూపించారు. మా నాన్న సంతకం చేయలేక వేసిన వేలిముద్ర పక్కనే ఉంది. ఆ ముద్రను చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. చేరాలనుకొనేవారు నోటిఫికేషన్ రాకముందే ఈ రెండు కాగితాలు సిద్ధం చేసుకోవాలి, ఎందుకంటే చివరి తేదీ దగ్గర పడ్డాక పరుగెత్తితే తరువాత నేను చెప్పబోయే రకం మనుషులకు చిక్కుతాము.

ఇప్పుడు ఖర్చు సంగతి. నమోదు, ప్రవేశం, పరీక్ష, ఆపై తప్పిన ఒక్క పేపరుకు మళ్లీ కట్టినది అన్నీ కలిపి నాకు 3,000 రూపాయల లోపే అయింది. స్త్రీలకు ప్రవేశ రుసుములో రాయితీ ఉంది. పాఠ్యపుస్తకాలకు వేరే డబ్బు కట్టలేదు. రుసుములు ఏటా మారవచ్చు కనుక ఆ ఏటి నోటిఫికేషన్‌లోని అంకెనే నమ్మాలి. మా ఊరి నుంచి విజయనగరానికి రానూ పోనూ బస్సుకు 80 రూపాయలు. 21 తరగతులకు, ఆరు పరీక్షలకు కలిపి 2,160 అయింది. తెల్లకాగితాల పుస్తకాలు, పెన్నులు, జెరాక్సు, ఫొటోలు 740. తరగతి జరగక ఉత్తినే వెళ్లి వచ్చిన రోజుల బస్సు చార్జీలు వదిలేస్తే, చేతి నుంచి వెళ్లిన సొమ్ము మొత్తం ఆరు వేలు దాటలేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మన రాష్ట్రపు ఆడవారికి ప్రయాణం ఉచితమైంది కనుక, ఇప్పుడు చేరే అమ్మాయిలకు, అమ్మలకు ఆ రెండు వేల పైచిలుకు కూడా మిగులుతుంది. ఆధార్ కార్డు చూపి జీరో టికెట్ తీసుకోవడం మరచిపోకుండా ఉంటే చాలు.

అయితే ఈ లెక్క ఇక్కడితో ముగించి, ఆరు వేలతో ఇంటర్ అయిపోతుందని చెబితే చదివేవారిని మోసగించినదాన్ని అవుతాను. కేంద్రంలో ముఖాముఖి పాఠాలు చెప్పే సంపర్క తరగతులు ఆదివారాల్లోనూ, రెండో శనివారాల్లోనూ, సెలవుల్లోనూ ఉంటాయి. నా పనికి ఆదివారమే అసలైన రోజు. ఉద్యోగాలకు వెళ్లే ఆడవారు కొలతలు ఇవ్వడానికి, కుట్టినవి తీసుకుపోవడానికి వచ్చేది ఆ రోజే. ఒక తరగతికి వెళ్లి వస్తే తక్కువలో తక్కువ రెండు లైనింగ్ జాకెట్లు ఆగిపోతాయి. ఒక్కో జాకెట్టుకు 200 చొప్పున 21 రోజులకు 8,400 రూపాయలు నాకు రాకుండా పోయాయి. అంటే కట్టిన డబ్బు కంటే కట్టకుండానే పోయిన డబ్బు ఎక్కువ. దీనిని అవకాశ వ్యయం అంటారని అదే తరగతిలో ఎకనామిక్స్ పాఠంలో నేర్చుకున్నాను. అకౌంటెన్సీ పుస్తకంలో వెతికితే ఇలాంటి ఖర్చుకు పద్దు లేదు, ఎందుకంటే అక్కడ జరిగిన వ్యవహారాన్ని మాత్రమే రాస్తారు, జరగకుండా పోయినదాన్ని రాయరు. రెండు శాస్త్రాల మధ్య తేడా నాకు అంత స్పష్టంగా అర్థమైన చోటు మరొకటి లేదు. బడ్జెట్ చూసుకొని చదువుకు దిగే ప్రతి ఒక్కరూ ముందుగా తమ ఆదివారం ఖరీదు ఎంతో కాగితం మీద వేసుకోవాలని నా గట్టి సలహా. దినకూలీకి వెళ్లేవారికి అది ఒక రోజు కూలి, దుకాణం ఉన్నవారికి వారంలో ఎక్కువ బేరం జరిగే రోజు, పసిపిల్లలున్న తల్లికి ఇంకొకరిని బతిమాలి పిల్లను అప్పగించే రోజు.

నేను ఆ లోటును పూర్తిగా పూడ్చలేకపోయాను గాని కొంత తగ్గించుకున్నాను. ఆదివారం వచ్చేవారికి శనివారం సాయంత్రం రమ్మని నెల ముందు నుంచే చెప్పుకున్నాను. ముగ్గురు తప్ప అందరూ సర్దుకున్నారు. ఆ ముగ్గురూ మరో మిషను చూసుకున్నారు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ముందు వారాల్లో, సంక్రాంతికి ముందు, మాఘమాసపు పెళ్లిళ్లలో నాకు ఊపిరాడదు. ఆ రోజుల్లో పుస్తకం తెరవలేనని ముందే ఒప్పుకొని, మిగతా నెలల్లో రోజుకు గంటన్నర చొప్పున పెంచుకున్నాను. ఏడాదంతా రోజూ సమానంగా చదవాలని పెట్టుకొనే పట్టికలు మాలాంటి వారికి నిలబడవు. పని తగ్గే ఆషాఢంలోనే దరఖాస్తు పెట్టి, పుస్తకాలు చేతికి రాకముందే పాత విద్యార్థుల నుంచి తెచ్చుకొని మొదలుపెట్టి ఉంటే ఇంకా బాగుండేది.

పుస్తకాల నాణ్యతను మెచ్చుకోవాలి. ఎవరూ చెప్పకపోయినా చదివి అర్థం చేసుకొనే విధంగా రాయడం వాటిలోని మేలు. పాఠం మొదట్లో ఏమి నేర్చుకోబోతున్నామో ఉంటుంది, మధ్య మధ్య చిన్న ప్రశ్నలు ఉంటాయి, వాటి జవాబులు చివర దొరుకుతాయి. నేను తెలుగు, ఇంగ్లీషు, ఎకనామిక్స్, కామర్స్, అకౌంటెన్సీ తీసుకొని తెలుగు మాధ్యమంలో చదివాను. ఎకనామిక్స్‌లో డిమాండ్ వ్యాకోచత్వం అనే పాఠం చదువుతున్నప్పుడు, పెళ్లిళ్ల వేళ కుట్టుకూలి ముప్పై రూపాయలు పెంచినా ఎవరూ వెనక్కి పోరని, ఆషాఢంలో పది పెంచినా బేరం పోతుందని ఏళ్లుగా చూస్తున్న సంగతికి ఒక పేరూ, ఒక సూత్రమూ, ఒక రేఖాచిత్రమూ ఉన్నాయని తెలిసి ఎంతో సంతోషించాను. చదువుకు ఆలస్యంగా వచ్చినవారికి ఉండే ఒకే ఒక్క మేలు ఇదనుకుంటాను: పాఠంలోని ఉదాహరణ మనం బతికి చూసినదై ఉంటుంది. పదిహేడేళ్ల పిల్లలు బట్టీ పట్టే వాక్యాన్ని మేము గుర్తు పడతాము.

ఇంగ్లీషు పుస్తకం మాత్రం ఒంటరిగా చదివే వారికి కష్టం. అర్థాలు తెలుగులో లేవు. దానికి ఎవరో ఒకరు పక్కన ఉండాలి, లేదా రోజూ ఒక పేరా చూసి రాయాలి. నేను రెండోది చేశాను. భాషలు రెండు తీసుకోవడం తప్పనిసరి కాదు కనుక, ముందు ముందు ఇంగ్లీషు అవసరం లేదనుకొనేవారు తెలుగు ఒక్కటే తీసుకొని నాలుగు ఇతర సబ్జెక్టులు ఎంచుకోవచ్చు. నేను డిగ్రీ చదవాలనుకున్నాను కాబట్టి భయపడుతూనే తీసుకున్నాను. సబ్జెక్టుల ఎంపిక ఈ మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన నిర్ణయం. ఏవి తేలికో అడిగి తీసుకొనేవారిని మా తరగతిలోనే చాలామందిని చూశాను. తరువాత ఏమి చేయదలచామో దాన్ని బట్టి తీసుకోవాలి. నర్సింగు వైపు వెళ్లాలనుకొనే అమ్మాయి చరిత్ర, సోషియాలజీ తీసుకొని, పాసయ్యాక బయాలజీ కావాలని తెలిసి కన్నీళ్లు పెట్టుకొన్న సందర్భం నా కళ్ల ముందు జరిగింది. దరఖాస్తు నింపిన నెట్ కేంద్రంలో ఆమెను ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఇక సంపర్క తరగతులు. పట్టికలో 30 ఉన్నాయి, నాకు దక్కినవి 21. మిగిలిన తొమ్మిదింటిలో రెండు నేను రాలేకపోయినవి, ఏడు మా కేంద్రంలో జరగనివి. జరగని రోజున ముందుగా ఫోను చేసి చెప్పడం రెండుసార్లే జరిగింది. మిగతా ఐదు రోజులూ బస్సెక్కి వచ్చి, గేటు దగ్గర నిలబడి, తిరిగి వెళ్లాము. మాతో పాటు బొబ్బిలి నుంచి వచ్చే ఒక వాచ్‌మన్ రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చేవారు. నిద్ర మానుకొని వచ్చిన మనిషిని గేటు దగ్గర నుంచి పంపేయడం ఎంతటి అన్యాయమో ఆ కేంద్రం నడిపేవారు ఆలోచించాలి. పుస్తకాలు కేంద్రానికి చేరిన మూడు వారాల తరువాత మాకు చెప్పారు, అదీ ఒకరు వెళ్లి అడిగితే. ఇంగ్లీషు చెప్పవలసిన వారు మొత్తం మీద మూడుసార్లు వచ్చారు. ఒక కేంద్రంలో జరిగిన ఈ లోపాలు అన్ని చోట్లా ఉంటాయని నేను అనను. అందుకే కేంద్రాన్ని ఎంచుకొనే ముందు అక్కడ నిరుడు చదివిన ఇద్దరిని వెతికి పట్టుకొని, తరగతులు ఎన్ని జరిగాయో, ఎవరు చెప్పారో, తరగతి లేని రోజు కబురు పెట్టారో లేదో అడగాలి. దగ్గరగా ఉందని చేరిన కేంద్రం కంటే పది కిలోమీటర్లు దూరమైనా తరగతులు జరిగే కేంద్రమే చవక.

అదే కేంద్రంలో అకౌంటెన్సీ చెప్పిన మాస్టారి గురించి చెప్పకపోతే ఈ సమీక్ష సగమే అవుతుంది. పదవీ విరమణ చేసిన ఆయన, కేంద్రం తెరిచిన ఒక్క ఆదివారం కూడా మానలేదు. మొదటి రోజే, ఇంట్లో గాని, దుకాణంలో గాని ఎవరెవరు లెక్కలు రాస్తారని అడిగారు. నేను సంఘం పుస్తకం సంగతి చెబితే తరువాతి వారం తెమ్మన్నారు. ఆ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, రోజువారీగా రాసుకున్నది చిట్టా అని, సభ్యురాలి పేరు మీద విడిగా ఎత్తి రాసుకున్నది ఆవర్జా అని, నెలాఖరున రెండు వైపులా కూడి సరిచూసుకొనేది అంకణా అని, మా సంఘం సభ్యుల పేర్లతోనే నల్లబల్ల మీద వేసి చూపించారు. "అమ్మా, మీరు పదకొండేళ్లుగా రాస్తున్నది ఇదే. పేర్లు తెలియవు, అంతే" అన్నారు. పుచ్చుకొనేవారి ఖాతాకు డెబిట్, ఇచ్చేవారి ఖాతాకు క్రెడిట్ అనే సూత్రం ఆ పూట నాకు పట్టుబడింది. సంఘం నుంచి అప్పు పుచ్చుకొన్న సభ్యురాలి పేరు డెబిట్ వైపు, వాయిదా కట్టినప్పుడు అదే పేరు క్రెడిట్ వైపు. ఒక్క వ్యవహారం రెండు చోట్ల పడుతుందని, అందుకే రెండు వైపుల మొత్తాలు సరిపోవాలని, సరిపోయినంత మాత్రాన తప్పు లేనట్టు కాదని, ఒక మనిషి పద్దు ఇంకొకరి ఖాతాలో వేసినా అంకణా సరిపోతుందని ఆయన చెప్పినప్పుడు, ఆరేళ్ల క్రితం మా సంఘంలో ఒకే పేరున్న ఇద్దరు సభ్యుల వాయిదాలు తారుమారై జరిగిన పెద్ద గొడవ నాకు గుర్తొచ్చింది. ఆ రోజు మొత్తం సరిపోయిందని నేను వాదించాను. తప్పు నాదేనని ఇన్నేళ్ల తరువాత తెలిసి, వెళ్లి ఆ సభ్యురాలికి చెప్పాను.

అంత బాగా అర్థమైన సబ్జెక్టులోనే నేను మొదటిసారి తప్పాను. 28 మార్కులు వచ్చాయి. అర్థం కావడం వేరు, మూడు గంటల్లో రాసి ముగించడం వేరు. ముగింపు లెక్కల సమస్యలో సర్దుబాట్లు చేస్తుండగానే సమయం అయిపోయింది. ఇరవై ఏళ్లుగా నా చేయి కత్తెరకూ సూదికీ అలవాటు పడింది, పెన్ను పట్టి వరుసగా పేజీలు నింపడం దానికి తెలియదు. రెండో గంట నుంచే వేళ్లు పట్టేశాయి. మిగిలిన నాలుగు పేపర్లలో అది పెద్దగా దెబ్బతీయలేదు గాని, పట్టికలు గీసి అంకెలు వేయవలసిన చోట ముంచింది. ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చాక ఒక్క పేపరుకే రుసుము కట్టి, రోజూ గడియారం ఎదురుగా పెట్టుకొని ఒక సమస్య చొప్పున నలభై సమస్యలు రాశాను. మే నెలలో 57 వచ్చాయి. ఫోనులో తెలుగు వీడియో పాఠాలు వింటే అర్థమైనట్టే ఉంటుంది, వాటితో రాత వేగం రాదు. చేరిన మొదటి వారం నుంచే రోజుకు నాలుగు పేజీలు, ఏదైనా సరే, చేత్తో రాయమని నా వయసు వారందరికీ చెబుతాను.

చదువుకోవడానికి చోటు దొరకడం కూడా ఖర్చు పెట్టలేని వారికి పెద్ద సమస్యే. ఇంట్లో మిషను ముందు కూర్చుంటే ఎవరో ఒకరు గుండీ కుట్టమని వస్తారు. తరగతి ఒంటిగంటకు అయిపోయాక నేను విజయనగరంలోని గ్రంథాలయానికి వెళ్లి, అక్కడే తెచ్చుకున్న అన్నం తిని, సాయంత్రం బస్సు వరకు చదువుకొనేదాన్ని. పత్రికలు చదివే పెద్దలు, పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే కుర్రవాళ్లు, మధ్యలో నేను. ఎవరూ ఏమీ అడగలేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో ప్రతి రూపాయి మీద 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా చేరుతుంది. కాబట్టి అక్కడి కుర్చీ మనం ముందే డబ్బు కట్టి ఉంచుకున్నది. ఆడవారు ఆ కుర్చీల్లో ఇంకా ఎక్కువమంది కూర్చోవాలని నా కోరిక.

ఇక నాకు నిజంగా బాధ కలిగించిన విషయానికి వస్తాను. చేరే రోజుల్లో ఒక మధ్యవర్తి కలిసి, పుస్తకం తెరవనక్కర లేదని, 12,000 కడితే పాసు పూచీ తనదని చెప్పాడు. కాగితాల తిరుగుళ్లతో విసిగిపోయి ఉన్నాను, చివరి తేదీ దగ్గర పడింది. పూచీ మాట నమ్మలేదు గాని, దరఖాస్తు పని చూస్తాడని అతనికి 2,000 అడ్వాన్సు ఇచ్చాను. దరఖాస్తు చివరికి నేనే నెట్ కేంద్రంలో నింపుకున్నాను, ఆ రెండు వేలు తిరిగి రాలేదు. పై లెక్కలో దానిని కలపలేదు, ఎందుకంటే అది చదువు ఖర్చు కాదు. డబ్బు పోయినందుకు కంటే, అలాంటి మాటలు నమ్మి పన్నెండు వేలూ కట్టేవారు ఉన్నందుకు ఎక్కువ బాధ పడ్డాను. వారి వల్ల కష్టపడి చదివిన వారి కాగితం కూడా విలువ కోల్పోతుంది. "ఓపెన్‌లో పాసయ్యావా" అని ఒక రకంగా నవ్వి అడిగేవారిని ఈ ఏడాదిలో పది మందిని చూశాను. వారికి ఆ నవ్వు నేర్పింది ఇలాంటి మధ్యవర్తులే. రుసుము అధికారిక మార్గంలో ఆన్‌లైన్‌లోనే చెల్లించి రసీదు దాచుకోవాలి. పూచీ ఇస్తానన్న మనిషికి మళ్లీ ఎదురు పడకూడదు.

బడికి వెళ్లకుండా, ఉద్యోగం చేస్తూ సొంతంగా చదివి పరీక్ష రాయడం తక్కువ రకం చదువు అని అనుకొనేవారు మన జిల్లాల చరిత్ర ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టి, విజయనగరం మహారాజావారి బడిలో గురజాడ అప్పారావుగారితో కలిసి చదువుకొన్న గిడుగు రామమూర్తిగారు, మెట్రిక్యులేషన్ కాగానే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరి, ఇల్లు నడుపుకొంటూనే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ. (నేటి ఇంటర్మీడియట్ లాంటిది), బి.ఏ. పాసయ్యారు. ఈ రోజు మనం వాడుక భాషలో పాఠాలు చదువుకొంటున్నామంటే అందులో ఆయన చేసిన పోరాటం ఉంది. నా సార్వత్రిక పుస్తకాలు నాకు అర్థమయ్యే తెలుగులో ఉన్నందుకు ఆయనకు నేను స్వయంగా రుణపడి ఉన్నాను.

పాసయ్యాక ఈ ధ్రువపత్రం ఎక్కడైనా చెల్లుతుందా అని చాలామంది అడుగుతున్నారు. నాకు చెల్లింది. దానితోనే దూరవిద్యలో బీకాం మొదటి సంవత్సరంలో చేరాను. దూరవిద్యకు మన వైపు చాలా కాలంగా దారులున్నాయి: ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972 నుంచి దూరవిద్య నడుపుతోంది, ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఎక్కడ చేరినా, ఆ కోర్సుకు ఆ సంవత్సరం విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ దూరవిద్య విభాగం అనుమతి ఉందో లేదో చూసుకొన్నాకే డబ్బు కట్టాలి. మండలంలో ఆ లెక్కల పని అప్పటికే మరొకరికి వెళ్లిపోయింది. తరువాతి ఖాళీకి దరఖాస్తు పెట్టాను, ఇంకా పిలుపు రాలేదు.

మార్కుల మెమో వచ్చినప్పుడు మా వారు ముచ్చటపడి లామినేషన్ చేయిస్తానన్నారు. వద్దన్నాను. పదో తరగతి మెమోకు మా నాన్న అలాగే చేయించారు. పరిశీలనకు తీసుకువెళ్లినప్పుడు కాగితం మీద ముద్ర సరిగా కనబడడం లేదని రెండుసార్లు తిప్పి పంపారు. ఇప్పుడు ఈ మెమోను ప్లాస్టిక్ కవరులో, మడత పెట్టకుండా, సంఘం పుస్తకాలున్న బీరువాలో పెట్టాను. మూడు జెరాక్సులు మాత్రం ఎప్పుడూ సంచిలోనే ఉంటాయి.